రెండు కుడిచేతుల టాపు

మా రోజుల్లో ఆడపిల్ల మిషను నేర్చుకుంటుందంటే బతుకుతెరువు కోసమే అనుకునేవాళ్లు. నేను మాత్రం మా నాయనకు కాపలా కాయడానికి నేర్చుకున్నాను. బెళుగుప్ప దగ్గర పల్లె మాది. ఆ ఏడు బోరు ఎండిపోయింది, శెనక్కాయ పంట ఊడలు దిగకముందే మాడిపోయింది. నాయన మాట్లాడడం మానేశాడు. వసారాలో గోడకానుకుని కూర్చుంటే కూర్చున్నట్టే. పక్క ఊళ్లో ఒకాయన పురుగుమందు తాగి పోయాడని కబురొచ్చాక, అమ్మ పురుగుమందు డబ్బా, తాళ్లు, చివరికి గడ్డం గీసుకునే బ్లేడు కూడా దాచేసింది. పెద్దమ్మ వాళ్ల పాత మిషను తెప్పించి నాయన ఎదురుగా వేయించింది. "నాయనను ఒక్కన్నే ఇడ్సొద్దు. అడిగితే కుట్టు నేర్చుకుంటాండా అని చెప్పు" అంది నాతో.

నాయన ఏమీ అడగలేదు. అయినా మిషను ముందు ఊరికే కూర్చోలేను కదా, అబద్ధం నిజం చేయక తప్పక, అమ్మ పాత పూల చీర చించి చుడీదార్ టాపు మొదలుపెట్టాను. (నేర్పేవాళ్లు ఎవరూ లేరు. నా పాత టాపును గుడ్డ మీద పరిచి, చుట్టూ గీత గీసి కత్తిరించడమే నా విద్య.) కుట్టడం అయిన రోజు ఆత్రం ఆగక, ఒంటి మీదున్న బట్టల పైనే తొడిగేసుకున్నాను. కుడిచెయ్యి బాగానే దూరింది. ఎడమచెయ్యి దూరింది కానీ, ఇక పైకి లేవదు. విప్పుకుందామంటే మెడ దగ్గరే బిగుసుకుపోయింది. మిషను పక్కన గిరగిరా తిరుగుతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"ఏమైందే పాపా?"

ఎన్నాళ్లకో విన్న గొంతు. "చెయ్యి ఇరుక్కుండాది నాయనా" అన్నాను.

ఆయన లేచి వచ్చి భుజం దగ్గర కుట్టు తడిమి చూశాడు. "బ్లేడు ఇట్లియ్."

"లేదు నాయనా" అన్నాను. అమ్మ దాచిన ఆ బ్లేడు మిషను సొరుగులోనే ఉంది.

ఆయన నా చూపు వెళ్లిన సొరుగు వైపే చూశాడు. "మీయమ్మ ఏమేమి యాడ దాపెట్టిందో నాకు అంతా తెలుసులే. భయపడాకు. ఇయ్."

ఇచ్చాను. బ్లేడు మీద నుంచి మాత్రం చూపు తిప్పలేదు. నాయన ఒక్కొక్క కుట్టే విప్పి, టాపు చెయ్యి ఊడదీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. "రెండూ కుడిచేతివే కత్తిరించినావు గదే! నీకు ఎడమచెయ్యి ల్యా?" అని నవ్వాడు. ఆ నవ్వు అలవాటు తప్పినట్టు దగ్గులోకి మారింది. ఆ చప్పుడికి పరుగెత్తుకొచ్చిన అమ్మ, నాయన చేతిలో బ్లేడు చూసి గుండెలు బాదుకుంటూ కేక పెట్టింది.

"అరుసాకు! బిడ్డకు చెయ్యి విప్పుతాండా" అన్నాడు నాయన. అమ్మ అక్కడే గడప మీద కూలబడింది. ఏడ్చిందో నవ్విందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాటి నుంచి నాయన మళ్లీ గోడకానుకునే కూర్చున్నాడు. నా కాపలా వానలు పడేదాకా సాగింది. కాకపోతే అప్పుడప్పుడూ, "ఈ పొద్దు ఏం కుడ్తాండావే?" అని అడిగేవాడు.

పూల గుడ్డ అయిపోవడంతో ఎడమచేతికి చీర అంచు ముక్క వేసి, డిగ్రీలో చేరడానికి ఆ టాపుతోనే నాయన వెంట అనంతపురం బస్సెక్కాను. ఎవరూ అడక్కుండానే కండక్టరుతో, "ఇది నేనే కుట్టుకున్నా అన్నా" అన్నాను. ఆయన నా ఒక చెయ్యి చూసి, ఇంకో చెయ్యి చూసి, "కనపడ్తాండాది పాపా" అన్నాడు. అది మెచ్చుకోలు అనుకుని దారంతా మురిసిపోయాను. ఎంత వెర్రిదాన్నో! తర్వాత పట్టుచీరలు కూడా కట్టాను కానీ, అంత మురిపెం మళ్లీ రాలేదు.