పిల్లికి కట్టిన పొట్లం

షరోల్ ఊరి కసాయి ఆన్సెల్మ్ ముప్పై ఏళ్లలో ఒక్క మనిషికైనా ఓంగ్లే అమ్మిన పాపాన పోలేదు. ఎద్దు మొత్తానికి ఆ స్టేక్ ముక్క ఒక్కటే ఉంటుంది, పొట్ట లోపల వేలాడుతూ. నల్లగా, పీచుపీచుగా, ఎవరో పారేసినట్టుంటుంది. దాని రుచి తెలిసిన కసాయివాళ్లు దాన్ని బల్ల మీద పెట్టకుండా ఇంటికి పట్టుకుపోతారు. వారానికో ఎద్దును కోసే ఆన్సెల్మ్ ఆ ఆచారాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నానని చెప్పుకునేవాడు.

"ఓంగ్లే ఉందా, ఆన్సెల్మ్?" అని నోటరీగారు ఆశగా అడిగేవారు.

"ఉండింది. తినేశాను."

"పొద్దున్నే తొమ్మిదింటికా?"

"ఆకలి గడియారం చూసి వస్తుందాండీ?"

ఆపైన ఎలా తిన్నాడో వర్ణించేవాడు. పెనం పొగలు కక్కాలి. అటు రెండు నిమిషాలు, ఇటు రెండు నిమిషాలు, లోపల ఎర్రగానే ఉండాలి. "ఆపైన పొయ్యి మీద ఉంచినవాడు దాంతో చెప్పులు కుట్టించుకోవచ్చు" అనేవాడు. ఊరంతా అతన్ని తిండిపోతు అని తిట్టుకునేది. మనిషి మాత్రం వెదురుబద్దలా ఉండేవాడు. తిన్నదంతా ఏ గంగలో కలుస్తోందో ఎవరికీ అంతుబట్టేది కాదు.

సోలాంజ్ ప్రతి గురువారం అందరూ వెళ్లాక వచ్చేది. ఆమె భర్త ఒనోరే రాతిగనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని, నాలుగేళ్లుగా మంచం పట్టాడు. ఆమె కుట్టుపనితోనే ఇల్లు గడవాలి.

"మా పిల్లికేమైనా తుక్కు మాంసం ఉందా?" అని అడిగేది. ఆన్సెల్మ్ కాగితం పొట్లం ఇచ్చేవాడు. ఆ పిల్లి చచ్చిపోయి నాలుగేళ్లయింది. ఆ మాట చెప్పడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చేది.

"మీ తుక్కు పళ్లూడగొట్టేలా ఉందండీ" అంది ఒకసారి. "మూడు గంటలు ఉడకబెట్టినా లొంగదు."

ఆన్సెల్మ్ కత్తి ఆగిపోయింది. "మూడు గంటలా?"

"తుక్కు కదా మరి."

"పిల్లులకు పచ్చిదే ఇష్టమండీ" అన్నాడు నీరసంగా. ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ చలికాలం మొదట్లో డాక్టరు సోలాంజ్‌ను పక్కకు పిలిచి, ఇక ఏది అడిగితే అది పెట్టమన్నాడు. ఒనోరే ఎక్కువేమీ అడగలేదు.

"ఓంగ్లే తినాలనుంది. చిన్నప్పుడు సంతలో ఎద్దుని అమ్మాక మా నాన్న ఒక్కసారి పెట్టించాడు. మళ్లీ దొరకలేదు."

సోలాంజ్ వంటింట్లో ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత, జనం ఉన్నారని కూడా చూడకుండా కొట్టుకు వెళ్లింది. ఆన్సెల్మ్ అలవాటుగా పొట్లం ఆమె బుట్టలో పెట్టాడు.

"ఇది కాదండీ. ఓంగ్లే కావాలి. మా ఆయనకి."

అతని ముఖం పాలిపోయింది. బుట్ట వంక చూశాడు, జనం వంక చూశాడు. "తినేశాను" అన్నాడు.

"పోయే మనిషి నోరు తెరిచి అడిగాడండీ."

"తినేశాను, మదామ్."

నోటరీగారు ఛీ అన్నారు. ఆన్సెల్మ్ తలెత్తలేదు. సోలాంజ్ ఏడుస్తూ వెళ్లిపోయింది.

ఇంట్లో కుండలో నీళ్లు మరుగుతుండగా ఎవరో తలుపు బాదారు. తీస్తే ఆన్సెల్మ్, రక్తపు మరకల ఏప్రన్‌తో, చేతిలో సొంత పెనంతో ఆయాసపడుతున్నాడు.

"కుండలో వేశారా?"

"ఇంకా లేదు."

"దేవుడున్నాడు" అని కుర్చీలో కూలబడ్డాడు. ఊపిరి కూడదీసుకుని పొట్లం విప్పాడు. "ఇదేనండీ ఓంగ్లే."

"ఇది పిల్లి తుక్కు కదా?"

"నాలుగేళ్లుగా ఇదే ఇస్తున్నాను. అందరి ముందూ ఎలా చెప్పను? పిల్లి సంగతి బయటపడదూ?"

"పిల్లి సంగతి మీకు తెలుసా?"

"మీరు పాతిపెడుతుంటే మా ఆవిడ చూసింది."

సోలాంజ్ మరుగుతున్న కుండ వంక చూసింది. "అయితే నాలుగేళ్లూ నేను దీన్ని..."

"మూడేసి గంటలు" అన్నాడు ఆన్సెల్మ్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అటు రెండు నిమిషాలు, ఇటు రెండు నిమిషాలు వేయించాడు. ఒనోరే మూడే ముక్కలు తినగలిగాడు. ఎర్రటి రసం గడ్డం మీదికి కారుతుంటే కళ్లు మూసుకున్నాడు.

"అదే రుచి. ఆ తిండిపోతు ఎలా ఇచ్చాడు?"

"ఇవ్వలేదు" అన్నాడు ఆన్సెల్మ్ వంటింట్లోంచి. "పిల్లి నోటి దగ్గరిది లాక్కున్నాం."

ఒనోరే నవ్వాడు, దగ్గాడు, మళ్లీ నవ్వాడు. మరో మూడు గురువారాలు తిన్నాడు. నాలుగోదానికి లేడు.

అంత్యక్రియలైన వారానికి సోలాంజ్ నల్ల శాలువా కప్పుకుని కొట్టుకు వచ్చింది. నోటరీగారు ముందే ఉన్నారు.

"ఓంగ్లే?"

"తినేశాను."

"చూశారా మదామ్, మీకప్పుడు కూడా పెట్టలేదు ఈ మహానుభావుడు."

"సిగ్గులేని మనిషి" అంది సోలాంజ్. "అంత తింటాడు, ఒంటికి పట్టదు."

ఆన్సెల్మ్ తృప్తిగా తల వంచుకున్నాడు. నోటరీగారు వెళ్లాక పొట్లం అందించాడు. "పిల్లి ఎలా ఉందండీ?"

"ఒంటరిగా తినబుద్ధి కావట్లేదు దానికి" అంది. పొట్లం బుట్టలో పెట్టుకుంటూ, "మీరు ఓంగ్లే తిని ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

అతను లెక్కలేవో వేసుకున్నట్టు పైకప్పు వంక చూశాడు. "నాలుగేళ్లవుతుందేమో."

"మధ్యాహ్నం మీ ఆవిడని తీసుకుని రండి. పెనం కూడా తెండి. ఊరంతా మిమ్మల్ని ఊరికే తిడుతోంది, ఒక్కసారైనా తిని ఆ తిట్లు పడుదురుగాని."