బాలవ్వ ఎద మీద పంచాయితీ

చొప్పదండి పక్క ఊళ్లో నాట్ల ముఠాకు పెద్ద బాలవ్వ. పద్నాలుగు మంది ఆడవాళ్లను ఒక్క కేకతో వరసలో వంచగల నోరు ఆమెది. అటువంటి నోరు మొన్నటి యాసంగి నాట్ల నుంచి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ముక్కుతో మాట్లాడసాగింది. ఎడమ కంటి రెప్ప దానంతటదే వాలిపోయేది. ముద్ద నమలడానికి మధ్యలో విశ్రాంతి కావలసి వచ్చేది. ఊరు మొదట గాలి సోకిందని తేల్చింది. తర్వాత పొగరు తగ్గిందని సంతోషించింది. కరీంనగర్ డాక్టర్లు మాత్రం, నరాలు కండరాలకు పంపే కబురును రోగాలతో పోరాడాల్సిన ఒంట్లోని కాపలాదళమే దారిలో ఆపేస్తోందనీ, ఈ కుట్రలో రొమ్ము ఎముక వెనక ఉన్న థైమస్ గ్రంథికి చెయ్యి ఉందనీ, అందులో నిమ్మకాయంత గడ్డ కూడా ఉందనీ చెప్పారు. మాత్రలు మొదలుపెట్టి ఆపరేషన్‌కు రమ్మన్నారు.

ఇక్కడ ఆమె అన్న కొమురెల్లి గురించి చెప్పక తప్పదు. ఆరేళ్ల కిందట ఆయనకు గుండె బైపాస్ అయింది. ఆనాటి నుంచి మండలంలో ఛాతీకి సంబంధించిన సమస్త విషయాల్లో ఆయనదే తుదితీర్పు. అంగీ పై గుండీలు రెండూ ఎప్పుడూ పెట్టుకోడు. మెడ కింద మొదలయ్యే గాటును పెళ్లిళ్లలో, దినాల్లో, బస్టాండులో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ సమానంగా చూపించాడు. మస్కట్‌లో ఉన్న బాలవ్వ మగడు గోపాల్ కూడా ఫోన్లో, "బావ ఎట్లంటే గట్ల చెయ్యి" అని తన బాధ్యత తీర్చుకున్నాడు.

అన్నాచెల్లెళ్లు ఆస్పత్రికి పోతే, సర్జన్ మధులిక స్కాన్ ఫిల్మును వెలుగుకు పెట్టి రెండు దారులు చెప్పింది. ఒకటి, ఎముకను నిలువునా కోసి తెరిచి, పనయ్యాక తీగలతో కట్టడం. నొప్పీ నెత్తురూ ఎక్కువ. రెండు మూడు నెలలు బరువెత్తకూడదు. రెండోది, పక్కటెముకల సందుల్లో మూడు రంధ్రాలు పెట్టి కెమెరాతో చేయడం. అంతా సవ్యంగా ఉంటే నాలుగైదు రోజుల్లో ఇంటికి పోవచ్చు.

"ఎట్లా చేసినా గ్రంథినీ, చుట్టూ ఉన్న కొవ్వునూ మొత్తం తీయాల్సిందే" అంది. "మీ గడ్డ చిన్నది, దేనికీ అతుక్కున్నట్టు లేదు. అందుకే రంధ్రాలు చాలంటున్నా. పెద్దదై రక్తనాళాలను పట్టుకొని ఉంటే, నేనే కోద్దామనేదాన్ని."

కొమురెల్లి దగ్గాడు. "మేడమ్, మూడు తూట్లల్ల కెల్లి ఏం కనవడ్తది? తల్పు తియ్యకుండ కిటికీల కెల్లి సామాను గుంజుడు అది. తెర్వుండ్రి, మొత్తం తెర్వుండ్రి. నాది సూడుండ్రి!" మూడో గుండీ కూడా విప్పాడు.

"మీది గుండె ఆపరేషన్ పెద్దాయనా. అది వేరే పని."

"ఎద ఒక్కటే గదా!"

"అన్నా, గుండీ పెట్టుకో" అంది బాలవ్వ. "ఏసీకి సర్ది వడ్తది."

"నువ్వు ఊకో చెల్లె, నీకేం ఎర్క? గడ్డి పీకితె ఏర్లతోని పీకాలె."

"ముప్పై ఏండ్ల సంది పీకుతున్న గడ్డి. ఏరు సుత వస్తది, పక్కపొంటి వరి కదలది. ఒక్క గడ్డి మొక్కకు మడి మొత్తం దున్నుతమా?"

కొమురెల్లికి చెల్లెలి జబ్బు గురించి తెలిసింది ఒక్కటే: మాట్లాడిస్తే ఆమె మాట అరిగిపోతుంది. కనుక తన ఎముకకు కట్టిన తీగల చరిత్ర ఎత్తుకున్నాడు. ప్రతి తీగకూ బాలవ్వ అడ్డం తగిలింది. ఆరో తీగ దగ్గర ఆమె మాట ముక్కులోకి పోయి, అక్కడే ఆగిపోయింది.

"అయిపాయె. ఇగ నేను పెడ్త సంతకం" అన్నాడు అన్న. నర్సు కూడా ఆనవాయితీ ప్రకారం ఒప్పుదల కాగితాన్ని మగమనిషి ముందే పెట్టింది.

బాలవ్వ ఒక వేలితో రెప్ప పైకెత్తి, రెండో చేత్తో కాగితం లాక్కుంది. మిగిలిన మాటలు జాగ్రత్తగా ఏరుకుంది.

"లోపట... అతుక్కొని ఉంటే?"

"అప్పుడు అక్కడికక్కడ కోసి తెరవాల్సి వస్తుంది. దానికీ ఒప్పుదల కావాలి" అంది మధులిక.

"గప్పుడు తెర్వుండ్రి. నేనంటున్న. అన్న కాదు."

పొదుపు సంఘంలో నేర్చుకున్న మూడక్షరాల సంతకం. రెండు రాసేసరికి చేయి వాలిపోయింది. సాయానికి వంగిన కొమురెల్లిని ఉరిమి చూద్దామనుకుంది గాని కన్ను సహకరించలేదు. మోచేత్తో నెట్టింది. కాసేపాగి మూడో అక్షరం పెట్టింది.

ఆపరేషన్లో ఎముక కోయాల్సిన అవసరం పడలేదు. అయిదో రోజు ఇంటికొచ్చింది. బ్రెడ్డు పాకెట్లతో పలకరించడానికి వచ్చిన చుట్టాలు ఆ మూడు చిన్న గాట్లను చూసి, బస్సు కిరాయి దండగైందన్నట్టు ముఖాలు పెట్టారు. కొమురెల్లి ఊరంతా తిరిగి, సగం ఆపరేషనే అయిందని ప్రకటించాడు.

వానాకాలం నాట్లు మొదలయ్యాయి. బాలవ్వ ఇంకా వంగడం లేదు. మాత్రలు వేసుకుంటూ, ఒడ్డు మీద నిలబడి ముఠాను నడుపుతోంది. ఆపరేషన్ ఫలితం తెలియడానికి ఏడాదో రెండేళ్లో పడుతుందనీ, ఎదను కోసినా అంతేననీ డాక్టరు చెప్పింది. కొమురెల్లి ఒడ్డు మీదికి వచ్చాడు.

"రెండేండ్లయినా నయం గాకుంటె?"

"గాకుంటె మల్ల పోత. మల్ల అడుగుత. మల్ల నేనే చెప్త. నువ్వు బస్సుల పక్కపొంటి కూసో, గంతే" అని బాలవ్వ మడి వైపు తిరిగింది. "ఓ లింగవ్వా! ఎటు వోతున్నవే, వరస సూస్కో!"