షేరుకు నేను రాసిన బయోడేటా

ఆ రోజుల్లో నేను అబద్ధాలు ఆడేవాణ్ణి కాదు, బయోడేటాలు రాసేవాణ్ణి. రెండింటికీ తేడా ఉందని మా మేడం నమ్మేది. జీతం ఇచ్చేది ఆమే కాబట్టి నేనూ నమ్మేవాణ్ణి. డిగ్రీ అయిపోయి సూర్యాపేట రోడ్ల మీద ఖాళీగా తిరుగుతున్న నన్ను పిలిచి, పెళ్లిసంబంధాల ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన మనిషి ఆమె. మందుల షాపు పైన ఒక్క గది, రెండు కుర్చీలు, గోడ నిండా కుదిరిన జంటల ఫోటోలు, అదీ మా ఆఫీసు. "లోపం అనే మాట మన దగ్గర ఉండొద్దు, సమజైందా" అని మొదటి రోజే చెప్పింది. బట్టతల అబ్బాయికి "విశాలమైన నుదురు" అని రాయాలి. ఎవరితోనూ పొసగని అమ్మాయికి "స్వతంత్ర భావాలు". ఏ పనీ లేనివాడికి "వ్యాపార ఆలోచనలో ఉన్నారు". ఆరు నెలల్లో నా చెయ్యి ఎంత తిరిగిందంటే, ఒకసారి సరదాకి నా బయోడేటా నేనే రాసుకున్నాను. (చదువుకుంటే నాకే పిల్లనివ్వాలనిపించింది.)

అదే కాలంలో మా ఇంట్లో షేరు ఉండేది. లాబ్రడార్ జాతి మగకుక్క, మూడేళ్లది, గోధుమ రంగు. మా మేనమామకు బదిలీ అయి, కొత్త ఇంటివాళ్లు కుక్కను ఒప్పుకోకపోతే తెచ్చి మా గడపకు కట్టేసి పోయాడు. దాని నడక మా గల్లీలో పెద్ద విషయం. వెనక భాగాన్ని అటూ ఇటూ ఊపుకుంటూ, తొందరేమీ లేనట్టు నడిచేది. "ఏం నడకరా, దొర నడిచినట్టే ఉన్నది" అనేవాళ్లు. నేను గొలుసు పట్టుకుని పక్కన నడుస్తూ ఆ పొగడ్తలో సగం నా ఖాతాలో వేసుకునేవాణ్ణి. పొద్దున లేవడానికి అది రెండుసార్లు ప్రయత్నం చేసేది. కూర్చుంటే రెండు కాళ్లూ ఒక పక్కకు పారేసి కూర్చునేది. అదంతా సుఖం మరిగిన లక్షణం అనుకున్నాం.

టీకాకు తీసుకెళ్లినప్పుడు పశువుల డాక్టరు గారు దాన్ని గది ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడిపించి చూశాడు. నడక నచ్చి చూస్తున్నాడనుకుని నేను ఇంకో రెండుసార్లు నా అంతట నేనే నడిపించాను. "చాలు, ఆపు" అన్నాడాయన. "దీని తుంటి కీలు వదులైనట్టున్నది. గిన్నె లెక్కున్న ఎముకల తొడెముక గుండు సరిగ్గ కూసోకపోతే గిట్లనే ఊగుకుంట నడుస్తది. హైదరాబాద్ తీస్కపోయి ఎక్స్‌రే తీపియ్యి. అప్పటిదాంక ఏ ఆడకుక్కతోని జతకట్టనియ్యకు. పుట్టే పిల్లలకు వస్తది ఇది." చీటీ కూడా రాసిచ్చాడు. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచాను. వచ్చే ఆదివారం పోదాం అనుకున్నాను. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

ఇంతలో కోదాడ నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గర లక్కీ అనే ఆడ లాబ్రడార్ ఉంది, దానికి మంచి జత కోసం వెతుకుతున్నారు, మా షేరు సంగతి ఎవరో చెప్పారట. నేను ఆఫీసులోనే కూర్చుని, ఆఫీసు నమూనాలోనే, షేరుకు బయోడేటా తయారు చేశాను. రంగు: బంగారు ఛాయ. అలవాట్లు: ఏ దురలవాట్లూ లేవు. (చెప్పులు కొరకడం అలవాటు కిందికి రాదని నా వాదన.) నడక: రాజసం. ఆరోగ్యం: దివ్యం. మేడం అద్దాలు సర్దుకుని మొత్తం చదివి, చివర "ఉమ్మడి కుటుంబంలో పెరిగినది" అని చేర్పించింది. మేమిద్దరం నవ్వుకున్నాం. డాక్టరు రాసిన చీటీ ఆ సమయంలో నా వెనక జేబులోనే ఉంది.

మాస్టారు నవ్వే రకం కాదు. షేరును తీసుకుని నేను కోదాడ వెళ్తే, ముందు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఒక ఫైలు తెరిచారు. అందులో లక్కీ తుంటి ఎక్స్‌రే. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూపించారు. "మా దానికి తీయించానండీ. డాక్టర్ గారు కీళ్లు బాగున్నాయన్నారు. ఇది వంశంలో వచ్చే జబ్బు కదా, రెండు వైపులా చూసుకోవాలి. మీవాడికి తీయించారా?" అని అడిగారు. అప్పటిదాకా నన్ను జీవితంలో ఎవరూ "మీరు" అని పిలవలేదు. మా ఇంట్లో అరేయ్, గల్లీలో ఓయ్, ఆఫీసులో ఏ పిల్లగా. అంత పెద్దమనిషి ఫైలు పట్టుకుని, నన్ను తన సమానుడిలా చూస్తూ అడిగితే, లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "తీయించిన సార్" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఎక్స్‌రే వైపు కళ్లు చిట్లించి చూసి, "మాది కూడా అచ్చం ఇట్లనే ఉన్నది" అన్నాను. "మీ మాట చాలండీ" అని ఆయన ఫైలు మూసేశారు.

ఏడు పిల్లలు పుట్టాయి. మగకుక్క తరఫువాళ్లకు ఒక పిల్లను ఇవ్వడం మా వైపు మామూలు. ఆ ఒక్కదాన్ని నేను మిర్యాలగూడలో ఉన్న మా చిన్నమ్మకు ఇచ్చాను. మా అమ్మ చెల్లెలు, అంగన్‌వాడీ టీచరు, ఒంటరి మనిషి. ఎన్నాళ్లనుంచో కుక్కపిల్ల కావాలంటోంది. బంటి అని పేరు పెట్టుకుంది. మిగిలిన ఆరింటినీ మాస్టారు తనకు తెలిసిన ఆరిళ్లకు, ఒక్కొక్క ఇల్లూ చూసి మరీ ఇచ్చారు. మేడం పిల్లల ఫోటోను మా గోడ మీద కుదిరిన జంటల మధ్యలో అంటించింది. వచ్చినవాళ్లకు చూపించి, "మా పిల్లగాడు కుదిర్చిన సంబంధం" అనేది. నేను తల వంచుకుని సిగ్గుపడేవాణ్ణి. అది నిజమైన సిగ్గు కాదు. అసలుది ఇంకా రావలసి ఉంది.

బంటికి ఎనిమిదో నెల వచ్చాక చిన్నమ్మ ఫోన్ చేసింది. గొంతులో మురిపెం. "అరేయ్, బంటిగాడు అచ్చం మీ షేరు పోలికేరా. గట్లనే ఊపుకుంట నడుస్తున్నడు" అంది. ఆ ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కాను. చిన్నమ్మ ఆ ఎండాకాలమే కొత్త ఇంటికి మారింది, పై అంతస్తు. నేను వెళ్లేసరికి బంటి మెట్ల కింద నిలబడి ఉంది. ముందుకాళ్లు మొదటి మెట్టు మీద పెట్టింది, వెనక కాళ్లు రావడం లేదు. నన్ను చూసి తోక మాత్రం ఊపింది. చిన్నమ్మ పైనుంచి దిగి, కొంగు నడుముకు దోపుకుని, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని, పైకి చేర్చింది. "మస్తు గారాబం అయిందిరా వీనికి. ఎత్తుకుంటె తప్ప ఎక్కడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకు చూసుకోబుద్ధి కాదు.

ఇద్దరం బంటిని సూర్యాపేటలో అదే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన దాని వెనక కాలు పట్టి కదిలించగానే అది కుయ్యిమంది. హైదరాబాద్ పంపించి ఎక్స్‌రే తీయించాడు. రెండు తుంట్లూ బాగాలేవు. "దీని తండ్రికి తీపిచ్చినవా?" అని అడిగాడు. పక్కనే చిన్నమ్మ. "తీపియ్యాలె సార్" అన్నాను. ఆయన నాకొక్కడికే అర్థమయ్యేట్టు నా వైపు చూశాడు, చిన్నమ్మ ముందు మాత్రం ఏమీ అనలేదు. బరువు పెరగనీయొద్దు, నున్నటి బండల మీద పరుగెత్తనీయొద్దు, మెట్లు అసలే వద్దు అని చెప్పి, నొప్పికి మందులు రాశాడు. తిరుగు దారంతా చిన్నమ్మ, "పాపం ఎట్ల వచ్చిందోరా దీనికి" అంటూనే ఉంది. నేను కిటికీలోంచి వరిపొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే మాస్టారి ఫోన్. "లక్కీకి మళ్లీ జతకట్టే సమయం వచ్చిందండీ. మన షేరునే పంపండి. ఈసారి నిడమనూరు నుంచి కూడా పిల్ల కావాలని అడుగుతున్నారు." నేను సరే అనలేదు, కాదనలేదు, ఆఫీసులో పనుందని పెట్టేశాను. మేడంకు మొత్తం చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "షేరుకు వేరే సంబంధం కుదిరిందని చెప్పెయ్యరాదూ" అంది. నాకు మొదటిసారి ఆమె మీద కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, అది నా మీద కోపం. ఏ సాకు చెప్పినా షేరు ఒక్కటే తప్పించుకుంటుంది. ఇప్పటికే పుట్టిన ఆరూ రేపు పెద్దవై ఇంకెన్నింటిని కంటాయో, ఏ మెట్ల కింద ఏ పిల్ల నిలబడిపోతుందో. మర్నాడు కోదాడ బస్సెక్కాను. చెప్పాల్సిన మాటలు దారంతా అనుకుంటూ పోయాను. మూడుసార్లు తయారు చేసుకుంటే మూడుసార్లూ అది బయోడేటాలాగే వచ్చింది. "చిన్న పొరపాటు" అట, "అనుకోని పరిస్థితులు" అట.

చివరికి మాస్టారి వరండాలో చెప్పులు కూడా విప్పకుండా, "నేను ఎక్స్‌రే తీపియ్యలేదు సార్. డాక్టరు ముందే చెప్పిండు, అయినా తీపియ్యలేదు. మా చిన్నమ్మ దగ్గరున్న పిల్ల మెట్లెక్కుత లేదు" అనేశాను. ఆయన లోపలికి వెళ్లి అదే ఫైలు తెచ్చారు. లక్కీ ఎక్స్‌రే వెనకే నేను పంపిన బయోడేటా, ప్రింటు తీయించి, మడత కూడా పడకుండా పెట్టుకున్నారు. ఎక్స్‌రే నా చేతికిచ్చారు. "అచ్చం ఇట్లాగే ఉందన్నారు కదా బాబూ. ఇందులో తుంటి కీలు ఎక్కడుందో చూపించండి" అన్నారు. నాకు తెలియలేదు. ఒక చోట వేలు పెట్టాను. "అది వెన్నెముక" అన్నారు, క్లాసులో తప్పు చెప్పిన పిల్లవాడితో అన్నట్టు, నెమ్మదిగా. ఆయన తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి అని బయటపడేవాణ్ణి.

"ఆరిళ్లలో నేను మీ మాట చెప్పాను. ఇప్పుడు మీ మాట మీరే చెప్పాలి, పదండి" అని స్కూటర్ తీశారు. నేను వెనక కూర్చున్నాను. ప్రతి ఇంట్లోనూ ముందు టీ ఇచ్చారు. (ఆ రోజు నేను తాగిన టీలు, మింగిన సిగ్గు దాదాపు సమానం.) ఒక ఇంట్లో మేము కుక్కను వెనక్కి తీసుకుపోవడానికి వచ్చామనుకుని పిల్లలు దాన్ని బాత్రూంలో దాచి గడియ పెట్టారు. ఇంకో ఇంట్లో పెద్దాయన అంతా విని, "మాది బానే ఉంది కదండీ, మరి మీరెందుకు ఏడుపు మొహం పెట్టారు?" అని నన్నే ఓదార్చాడు. మాస్టారు అందరికీ ఒకటే చెప్పారు, పైకి బాగున్నా సరే ఎక్స్‌రే చూడకుండా దేన్నీ జతకట్టించొద్దని. ఆఖరిది అనంతగిరిలో ఒక రైతు ఇల్లు. అక్కడి పిల్ల కుంటుతోంది. పొలానికి వెంట రాకుండా దారిలో కూలబడుతోందని, బద్దకం అనుకుని ఆ రైతు దాన్ని రెండు మూడు సార్లు కట్టెతో కొట్టాడట. నేను చెప్పింది విన్నాక ఆయన లేచి వెళ్లి దాని పక్కన నేల మీద కూర్చుని, వీపు నిమురుతూ ఉండిపోయాడు. మేము వెళ్లొస్తామని చెప్పినా తల ఎత్తలేదు.

షేరుకు ఆ వారమే ఎక్స్‌రే తీయించి, డాక్టరు అన్నదే తేలాక, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాను. ఆ ఏడాదే మేడం దగ్గర ఉద్యోగమూ మానేశాను. కానీ అందరికంటే ముందు చెప్పాల్సిన మనిషికి అందరికంటే ఆఖరున చెప్పాను. చిన్నమ్మ బియ్యం ఏరుతూ విన్నది. ఏరడం ఆపలేదు. నేను ఊరుకున్నాక, "ముందుగాల చెప్తె నేను తెచ్చుకోకపోదును అనుకున్నవా?" అంది. "అయినా తెచ్చుకుందునురా. మెట్ల ఇల్లు కిరాయికి తీసుకోకపోదును, గంతే." ఆమె నడుముకు అప్పటికే పట్టీ ఉంది. బంటిని మోసిన మాట దాచి, గ్యాస్ బండ ఎత్తితే పట్టేసిందని మా అమ్మతో చెప్పిందట.

బంటికి ఇప్పుడు పదేళ్లు. చిన్నమ్మ కింది ఇంటికి మారి చాలా కాలమైంది. ఆదివారాలు నేను వెళ్లి దానికి స్నానం చేయిస్తాను, తొట్టిలోకి ఎత్తడం, దించడం నా పని. మొన్న అలా ఎత్తుతుంటే నా నడుములో కలుక్కుమంది, పెదవి కొరుక్కుని ఆగిపోయాను. గుమ్మంలో కూర్చున్న చిన్నమ్మ, "ఏమైందిరా?" అంది. "ఏం లేదు చిన్నమ్మా, మంచిగనే ఉన్న" అన్నాను. ఇన్నేళ్లయినా మొదట ఆ మాటే వస్తుంది చూడండి. ఆమె నా వైపే చూస్తూ కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. బంటిని కింద పెట్టి, గోడకు ఆనుకుని, "నొస్తున్నది చిన్నమ్మా. మూడు నెలల సంది" అన్నాను.