శాంతప్ప సారు చేలో నేను కట్టిన దారాలు

సంఘంలోని అమ్మలకు, అయ్యలకు, ఈ పత్రిక చదివే సహోదరులకు, సహోదరీలకు యేసయ్య నామంలో వందనాలు. నా పేరు ఎస్తేరు. మాది గద్వాలకు బస్సులో అరగంట దూరంలో ఉన్న పల్లె. పోయిన వానకాలం నేను మనసు నిండా పగ పెట్టుకుని, ప్రతి ఆదివారం ఆరాధనకు వచ్చి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి పాటలు పాడాను. పాస్టరమ్మ గారు నన్ను చూసి, ఎస్తేరులో మంచి మంట ఉంది అనేవారు. మంట ఉన్న మాట నిజమే, అది ఏ మంటో నాకొక్కదానికే తెలుసు.

సహోదరులారా, అంతకు ముందు ఏడేళ్ళు నేనూ నా భర్తా బెంగళూరులో ఇళ్ళు కట్టే పనికి పోయేవాళ్ళం, బిడ్డను మా అత్తమ్మ దీనమ్మ దగ్గర వదిలిపెట్టి, ఏడాదికి రెండుసార్లు వచ్చి దాని ముఖం చూసుకుని మళ్ళీ బస్సెక్కేవాళ్ళం, ఒకసారైతే నేను ఇంట్లోకి రాగానే నా బిడ్డ నన్ను చూసి అత్తమ్మ కొంగు వెనక దాక్కుంది. ఆ బాధ చూసిన దేవుడు మాకు ఊరి దగ్గరే పని చూపించాడు. నా భర్త ఆటో నడుపుతున్నాడు, నేను సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోతున్నాను, బిడ్డ వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ శనివారం శనివారం ఇంటికి వస్తుంది. అత్తమ్మతో, నాతో కలిపి మా గుంపులో పన్నెండు మంది ఆడవాళ్ళం, ఆ గుంపుకు నేనే పెద్దను.

క్రాసింగ్ పని తెలియని వారి కోసం రెండు మాటలు చెబుతాను. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈరోజు సాయంత్రం బొటనవేలి గోటితో గిల్లి, పూరేకులతో పాటు లోపలి పుప్పొడి తొడుగును తీసేసి, గుర్తుకు పక్కన ఎర్ర దారం కడతాం. మరునాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి, దారం ఉన్నచోట రుద్దుతాం. గిల్లకుండా వదిలేస్తే ఆ పువ్వు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, ఆ గింజ కల్తీ గింజ. అలాంటివి ఎక్కువైతే పరీక్షలో చేనంతా పనికిరాదని పక్కన పెడతారు, రైతు కష్టం మట్టిపాలవుతుంది, మరుసటి ఏడు ఆ చేలో మాలాంటి వాళ్ళకు పని ఉండదు.

ఈ పని మీద మాకు పెద్దగా వచ్చినాయన శాంతప్ప సారు. విత్తనాల ఆర్గనైజరు తరఫున చేలు చూసుకునే సూపర్‌వైజరు ఆయన. శాంతప్ప అని పేరు పెట్టిన ఆ తల్లిదండ్రులు బిడ్డ గొంతు వినకముందే పెట్టి ఉంటారు. చేను ఈ చివర అరిస్తే ఆ చివర కొంగలు లేచిపోయేవి. సాలు వెంట నడుస్తూ ఒక మొగ్గను పట్టుకుని, "కండ్లు ఏడ పెట్టుకున్నరు? గిది గిల్లుడా? దిష్టి తీసినట్టు పైపైన గోరు పెట్టి ఇడిచిపెడ్తరా?" అనేవారు. కోపం ముదిరితే కన్నడంలోకి దిగేవారు, అప్పుడు మాకు సగమే అర్థమయ్యేది కాబట్టి అదే మాకు విశ్రాంతి.

నేనూ నోరున్న మనిషినే, కాని పని పోతుందని నోరు కట్టేసుకున్నాను. కట్టేసుకున్న నోరు ఊరుకుంటుందా, ప్రార్థనలో తెరుచుకునేది. "ప్రభువా, ఇయ్యాల ఆయన బండి పంక్చర్ జెయ్యి, ఆయన రాకుండ సూడు తండ్రీ" అని మోకాళ్ళ మీద అడిగిన దాన్ని నేను. ఒకరోజు నిజంగానే పంక్చరైంది. ఆయన ఎండలో అంత దూరం నడిచి వచ్చి, ఆ కోపం కూడా కలిపి మమ్మల్ని మరో గంట ఎక్కువ తిట్టారు.

మా అత్తమ్మ ప్రార్థన మాత్రం వేరు. మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పాక, తినకముందు కళ్ళు మూసుకుని అందరికీ వినబడేలా అడిగేది. "తండ్రీ, శాంతప్ప సారు ఎండల తిరుగుతుండు. గింత కోపం పానానికి మంచిది కాదు. ఆయన గుండెకు జర సల్లదనం ఇయ్యి." నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన కోసం ప్రార్థన ఏమిటి అత్తమ్మా అని ఒకరోజు విసుక్కుంటే, ఆమె నవ్వి, "గాయన్ని తిట్టెటోళ్ళు పదకొండు మంది ఉన్నరు బిడ్డా, గాయన కొరకు అడిగెటోళ్ళు ఒక్కరన్న ఉండాలె గద" అంది. చదువు రాని ఆ తల్లి విశ్వాసాన్ని నేనప్పుడు చాదస్తం అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించును గాక.

ఒక సాయంత్రం సారు అత్తమ్మ సాలులో ఆగారు. ఆమెకు కళ్ళు మసకబారాయి, వేళ్ళతో తడిమి గిల్లుతుంది. రెండు మొగ్గలు దాటిపోయాయి కాబోలు, ఆయన అందరి ముందూ అరిచారు. "ఈ ముసలామెకు మొగ్గ కనవడదు, పువ్వు కనవడదు. ఇంటికాడ కూసోవెట్టి గంజి పొయ్యిండ్రి, చేనుకు ఎందుకు తోల్కొస్తరు?" అత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, సాలు మొదటికి పోయి మళ్ళీ మొదలుపెట్టింది. నా బిడ్డను ఏడేళ్ళు కడుపులో పెట్టుకుని సాకిన మనిషి అలా తల వంచుకుని నడుస్తుంటే, ఆ నిమిషంలో నాలో ఏదో తెగిపోయింది.

ఆ మరునాటి నుంచి నాలుగు సాయంత్రాలు, కాలువ పక్కన నాకిచ్చిన రెండు సాళ్ళలో, నేను మొగ్గలు గిల్లకుండానే దారం కట్టాను. పొద్దున అందరికంటే ముందే పోయి, విచ్చుకున్న పూల రేకులు తుంపేసేదాన్ని, ఎవరూ కనిపెట్టకుండా. చేను పరీక్షలో పోవాలి, ఆయన పైవాళ్ళ ముందు తల దించుకుని నిలబడాలి, అప్పుడు తెలుస్తుంది తిట్లు తినడం అంటే ఏమిటో అనుకున్నాను. ఆ చేను రైతు నాకేం అన్యాయం చేశాడు, నన్ను నమ్ముకుని వచ్చే తోటి ఆడవాళ్ళ పని ఏమవుతుంది, నేను మళ్ళీ బెంగళూరు బస్సెక్కితే నా బిడ్డ సంగతేమిటి, ఇవేవీ నాకు తోచలేదు. ముక్కు మీద ఈగ వాలిందని ముక్కు కోసుకున్నట్టుంది నా తెలివి.

శనివారం మధ్యాహ్నం అత్తమ్మ ఎప్పటిలాగే గట్టు మీద ప్రార్థన చేసింది. సారు కోసం అడిగింది, ఆ తర్వాత ఇలా అంది. "మా కండ్లకు మసకొచ్చినా మా చేతులల్ల మోసం లేకుండ కాపాడుతున్నవు తండ్రీ, నీకు స్తోత్రం." అందరూ ఆమేన్ అన్నారు. సహోదరులారా, ఆ మధ్యాహ్నం నేను సద్ది ముట్టకుండానే మళ్ళీ మూట కట్టేశాను.

మరునాడు ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె వచ్చింది, గిన్నె వచ్చింది, చేతుల్లో మోసం పెట్టుకుని ముట్టలేక పక్కవాళ్ళకు అందించాను. ఆరాధన అయ్యాక మందిరం వెనక కుళాయి దగ్గర కూర్చుని ఏడ్చాను. "ప్రభువా, ఆయన నోరు మూయించుమని నిన్ను ఎన్నిసార్లు అడిగిన్నో. నా నోరు తెరిపియ్యి తండ్రీ. చెప్పనీకె నాకు ధైర్యం లేదు. చెప్పకుంట బతకనీకె గూడ ధైర్యం లేదు." అదొక్కటే ఆ ఏడాది నేను చేసిన నిజమైన ప్రార్థన. ఆకాశం తెరుచుకోలేదు, స్వరమేమీ వినబడలేదు, కాని లేచి నిలబడేసరికి ఎక్కడికి పోవాలో నాకు తెలిసింది.

సోమవారం పొద్దున చేనుకు నడుస్తూ అత్తమ్మకు చెప్పాను. నీకు జరిగిన అవమానానికే చేశానన్నాను. ఆమె దారిలో ఆగిపోయింది. "నా కోసం జేసిన్నంటవు, నన్ను అడిగినవా?" అంది.  తర్వాత ఆమే నా చెయ్యి పట్టుకుని, "పా, నేను గూడ నీ ఎంబడి వస్త" అంది.

సారు మగ మొక్కల దగ్గర పూలు ఏరిస్తున్నారు. ఎదురుగా నిలబడి చెప్పాను. "సారు, కాలువ పక్క రెండు సాళ్ళల్ల గిల్లకుండనే దారం కట్టిన. నాల్గు దినాలు. ఎరుకుండే చేసిన." మా ఆడవాళ్ళంతా పని ఆపేశారు. ఆయన అరవలేదు. గట్టు మీద కూర్చుండిపోయారు. ఏరిన మగ పూలను పక్కన పెట్టారు. "ఎందుకు?" అన్నారు. మా అత్తమ్మను అన్నందుకు అని చెప్పాను. ఆయన అత్తమ్మ వైపు చూశారు, నా వైపు చూశారు, లేచి, "ఏ సాళ్ళో సూపెట్టు" అన్నారు.

ఆ రోజు నేను చూసిన శాంతప్ప సారును చెప్పకపోతే ఈ సాక్ష్యం అబద్ధమవుతుంది. మంచిగా గిల్లిన రోజుల దారాలు, నా దొంగ దారాలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఆయన ఇస్త్రీ ప్యాంటుతోనే తడి రేగడిలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. "దారాన్ని సూడొద్దు, కాయ అడుగున పచ్చ అంచు సూడుండ్రి. గోరు దిగిన కాయకు అంచు తెగి ఉంటది. అంచు నిండుగ ఉంటే తెంపెయ్యుండ్రి" అన్నారు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా, ఒక్కొక్క పిందెను పసిబిడ్డ గడ్డం ఎత్తి చూసినట్టు ఎత్తి చూశారు. నేను చూసి వదిలేసిన మొక్కల్లో కూడా ఆయనకు కల్తీ కాయలు దొరికాయి. ఇంత పనితనం ఉన్న మనిషినా నేను ఇన్నాళ్ళూ ఒట్టి గొంతు అనుకున్నది అని సిగ్గుపడ్డాను. మా గుంపు ఆడవాళ్ళు నన్ను తిట్టుకుంటూనే వచ్చి పక్కన కూర్చున్నారు, తిట్టడం న్యాయమే.

పని నడుమ ఆయనే చెప్పారు, ఎవరి ముఖమూ చూడకుండా. "రెండేండ్ల కింద ఒక రైతు చేను పరీక్షల పోయింది. నేనే సరిగ్గ సూడలే. ఆ రైతు ఇల్లు ఇడిచి ముంబై పోయిండు. గప్పటి సంది ఏ చేన్ల అడుగు పెట్టినా నాకు భయమే." మేమంతా భయపడే మనిషి మాకంటే ఎక్కువ భయంతో బతుకుతున్నాడని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం దాటాక ఆయన మామూలుగా అరవడం మొదలుపెట్టారు, మా అందరికీ ప్రాణం లేచి వచ్చింది. రెండు సాళ్ళూ అయ్యాక, అనుమానం తీరక మిగతా సాళ్ళు కూడా చూసుకుంటూ పోయి, అత్తమ్మ సాలులో నిలబడ్డారు. మొదటి నుంచి చివరి దాకా వెతికినా ఒక్క అంచు నిండుగా లేదు. తిరిగి వచ్చి, "అవ్వా, ఆ దినం నేనన్న మాట ఎనక్కి తీస్కుంటున్న" అన్నారు. అత్తమ్మ, "అది నా దగ్గర లేదు సారు, గప్పుడే దేవుని చేతుల పెట్టిన" అంది. ఆయన పక్కకు తిరిగారు. సహోదరులారా, చర్చిలో ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఆ గట్టు మీద విన్నంత పెద్దది ఎక్కడా వినలేదు.

నన్ను గుంపు పెద్దగా తీసేశారు. పని మాత్రం తీయలేదు. చేను పరీక్షలో నిలిచింది, దేవునికే మహిమ. ఆ తర్వాతి ఆదివారం బల్ల లేదు, అది మాకు నెలకొకసారే కాబట్టి నెల ఆగాల్సి వచ్చింది, ఆ నెలంతా ఎదురుచూసి నేను ఆ గిన్నె అందుకున్నాను.

ఈ ఏడు వానలు పడగానే సారు అత్తమ్మకు ఫోన్ చేశారు. "అవ్వా, మీ గుంపే రావాలె. ఆ దొంగ దారాల కోడలు గూడ రావాలె. సాళ్ళ ఎంబడి తిరిగి దారాలు సూసే పని ఆమెకే ఇస్తున్న. ఏడ మోసం జెయ్యొచ్చో ఆమెకు తెల్సినట్టు ఎవ్వరికి తెల్వదు." దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని ఊరంతా నవ్వారు. నేను మాత్రం పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ఆ తాళాలు ఇచ్చింది శాంతప్ప సారే, ఇప్పించింది మాత్రం నా దేవుడు.

సారు కోపం పోయిందా అని అందరూ అడుగుతారు. పోలేదు. మనుషుల్ని అలా అనడం తప్పు సారు అని ఆయన ముఖం మీదే చెప్పాను, సరే అన్నారు, ఆ సరే రెండు రోజులు నిలిచింది. దేవుడు విడిపించింది ఆయన నోటి నుంచి కాదు, నాలోని పగ నుంచి. మీలో పై అధికారి తిట్లకు కుమిలిపోతున్న వాళ్ళుంటే, యేసయ్య దగ్గరికి రండి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి, నా పంక్చరు ప్రార్థన విని కూడా నన్ను తోసివేయని దేవుడు మిమ్మల్ని తోసివేయడు.

చివరగా ఒక మనవి. నిన్న కొత్తగా వచ్చిన రాజమ్మ అనే చెల్లెలు ఒక మొగ్గను సరిగ్గా గిల్లలేదని, నేను సాలు ఈ చివర నుంచి అరిచాను. చేనంతా తిరిగి చూసింది. ఆ చెల్లెలు తల వంచుకుని, చేతులు కొంగుకు తుడుచుకుని, సాలు మొదటికి నడిచిపోయింది. రేపు పొద్దున అందరూ వచ్చాక, అందరి ముందే, ఆమెను క్షమించమని అడగబోతున్నాను. నా నోటి కోసం ప్రార్థన చేయండి.