ధర్మవరం అంచు, బెంగళూరు అలొకేటర్

2003లో మా బెంగళూరు కంపెనీ సీనియర్ ప్రోగ్రామర్‌నైన నన్ను ధర్మవరం ఫిర్యాదుల మీద వేసింది. చీరల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ మాది. అందులో గీసిన బొమ్మను బట్టి జకార్డు అట్టలకు రంధ్రాలు కొడతారు. మగ్గం మీద పువ్వు పడేది ఆ అట్టల ప్రకారమే.

ఫిర్యాదు ఒక్కటే: అంచులో బొమ్మలు చెదిరిపోతున్నాయి. మా టీమ్ లీడర్ జవాబూ ఒక్కటే: గీసేవాడికి చేతకాదు. ఆ మాట ఫోన్లో, ధర్మవరంలో మా సాఫ్ట్‌వేర్ కొన్న చీరల షావుకారుకు చెప్పేశాడు కూడా. ఇంకో చీర చెడితే పని మానుకొమ్మని షావుకారు డిజైనర్ ఓబులేసును హెచ్చరించాడు.

"నేను గీసింది మామిడి పిందెలు మేడం. మళ్లా తెరిస్తే గీతలుండాయి. నన్నేం చేయమంటారు?" అన్నాడు ఓబులేసు నాతో ఫోన్లో.

నాకు మెమరీ మీద అనుమానం. ప్రోగ్రాంకు మెమరీ పంచిపెట్టే భాగాన్ని అలొకేటర్ అంటారు. విండోస్‌కు సొంతది ఉంది. వేగం కోసం మా లీడర్ వేరేది రాశాడు. అది ఒక పెద్ద ముక్క తీసుకుని లోపల తనే పంచేది. మెమరీ తప్పులు పట్టే టూల్‌కు ఆ ముక్కంతా ఒకటిగానే కనిపించేది. లోపల ఏది దేని హద్దు దాటిందో తెలిసేది కాదు. నేనడిగింది చిన్న పని: బిల్డ్ చేసేటప్పుడు, అంటే ప్రోగ్రాంను తయారు చేసేటప్పుడు, ఏ అలొకేటర్ కావాలో ఎంచుకునే వీలు. అమ్మకానికి ఆయనది, పరీక్షకు విండోస్‌ది. ఆయన మండిపడ్డాడు. తన కోడ్‌ను శంకిస్తున్నానట. ఎవరి కోడ్ అయితే ఏం, దేవుడు రాసిచ్చాడా? అక్కడ ఒకడి కూడు పోతుంటే ఈయనకు పరువు అడ్డొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అనుమతి లేకుండానే ఆ ఎంపిక పెట్టి బిల్డ్ చేసి, సీడీ పట్టుకుని ధర్మవరం వెళ్లాను. ఓబులేసు చేత అతని అంచే గీయించాను. ఎడమ అంచును కుడివైపుకు తిప్పి వేయగానే ప్రోగ్రాం ఆగిపోయింది. టూల్ కోడ్‌లో తప్పున్న వరసను చూపించింది. ఆఫీసులో మేము సన్న అంచులతోనే పరీక్షించేవాళ్లం. ధర్మవరం పట్టుచీరకు పెద్ద అంచు. అంత వెడల్పుకు మేము మెమరీలో చోటు ఉంచలేదు; మిగిలిందంతా పక్క బొమ్మల మీద పడేది. అలొకేటర్ ఆ తప్పు చేయలేదు, దాచింది.

షావుకారును పిలిచి, తప్పు మాదేనని ఓబులేసు ఎదుటే చెప్పాను.

"మిషన్ తప్పయితే ఇంగేమప్పా, కూర్చొని పని చూసుకో" అన్నాడాయన.

ఓబులేసు కూర్చోలేదు. "ఈమె వచ్చి చెప్తే నమ్మినావు. ఇన్నేండ్లు నీ కాడ చేసినోణ్ణి, నేను చెప్తే నమ్మకపోతివే అన్నా" అన్నాడు. రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుట్టుకుంటానన్నాడు, అలాగే వెళ్లిపోయాడు.

తర్వాతి వెర్షన్లో లీడర్ నా మార్పును తన పేరుతో చేర్చుకున్నాడు. షావుకారుకు మాత్రం ఒక్క ఫోనూ చేయలేదు.

లోపల చూసే దారి లేని ప్రోగ్రాంలో తప్పు ఎప్పుడూ వాడేవాడి నెత్తిన పడుతుంది. రిటైరయ్యేదాకా ప్రతి ప్రాజెక్టులో ఆ దారి ముందే అడిగాను. ఇవ్వనన్న చోట, విడుదలకు పనికొస్తుందని సంతకం పెట్టలేదు.