మూత మీద పడ్డ నింద

రిటైర్మెంటుకు ముందటి ఏడాది వానాకాలంలో నన్ను విజయనగరం నుంచి శ్రీకాకుళం వర్క్‌షాపుకు బదిలీ చేశారు. హోదా డయాగ్నొస్టిక్ ఇన్‌ఛార్జి. కస్టమరుతో మాట్లాడేది సర్వీస్ అడ్వైజరు, పానా పట్టేది మెకానిక్కు, ఇద్దరికీ అంతుపట్టని బండి నా దగ్గరికి వచ్చేది. నాకు మొదటినుంచీ కుదురు తక్కువ. జబ్బు తేలని బండి షెడ్డులో ఉంటే అన్నం సహించదు. కంచం ముందు కూడా కాలు ఆడిస్తానని మా ఆవిడ విసుక్కునేది.

వెళ్లిన కొత్తలోనే జగన్నాథం గారి పెట్రోలు కారు వచ్చింది. ఊళ్లో ఆయనకు వలల నూలు, తాళ్లు అమ్మే దుకాణం ఉంది. డ్రైవరు అప్పన్న ఆ సరుకు సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు తీసుకెళ్లి పడవలవాళ్లకు ఇచ్చి వస్తుంటాడు. ఇంజన్ లైటు వెలుగుతోందని ఆ కారు అంతకుముందూ మా దగ్గరికి వచ్చింది. స్కానరు పెడితే పెట్రోలు ఆవిరి లీకవుతోందని కోడ్ చూపించింది. ట్యాంకు మూత వదులైనా అదే కోడ్ వస్తుంది. మా అడ్వైజరు ఇంకేమీ చూడకుండా, ఎవరో మూత తీసి సరిగా బిగించలేదని షావుకారుకి ఫోనులో చెప్పి, కోడ్ చెరిపి పంపేశాడు.

షావుకారుకి ఆ మాట చాలు. లైటు మళ్లీ వెలగగానే అప్పన్నను వెంటబెట్టుకుని తానే వచ్చారు.

"ఈడొక్కడే భావనపాడు ఎల్లొచ్చిన మర్నాడే లైటెలుగుతాది. పెట్రోలు తీసి అమ్ముకుంటన్నాడు. మీరు ఔనంటే ఇయ్యాలే పంపించెస్తాను" అన్నారు.

"బంకులో తప్ప మూత ముట్టలేదు బాబూ. నానేటి సెప్పినా ఈయన నమ్మడు. మీరే సూడండి" అన్నాడు అప్పన్న. బతిమాలడం లేదు, మండిపడుతున్నాడు. నాకు మా అడ్వైజరు మీద ఒళ్లు మండింది. ఒక మనిషి పరువు, కూడు నా ఒక్క మాట మీద పెట్టి ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

ట్యాంకులో పుట్టే ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు నింపిన ఒక డబ్బాలోకి పోతుంది. అక్కడినుంచి దాన్ని ఇంజను పీల్చుకుంటుంది. లీకు ఉందో లేదో చూడడానికి, ఆ డబ్బాకు గాలి వచ్చే దారిని కంప్యూటరు ఒక కరెంటు వాల్వుతో మూసి, లోపలి పీడనం తగ్గించి చూస్తుంది. ఆ తగ్గుదల నిలవకపోతే లైటు వెలిగిస్తుంది.

ముందు ఆ వాల్వును బ్యాటరీకి నేరుగా కలిపి మూశాను. పైపుల్లోకి పొగ ఎక్కించాను. మూత దగ్గర సహా ఎక్కడా పొగ రాలేదు. లీకన్నదే లేదు. ఆ తరువాత వాల్వును మళ్లీ కారు వైరు ప్లగ్గుకే తగిలించి, స్కానరు నుంచి మూయమని ఆదేశం ఇచ్చాను. టిక్కుమనాలి. అనలేదు. ప్లగ్గు ఊడదీసి మీటరు పెడితే పన్నెండు వోల్టులు సక్రమంగా ఉన్నాయి. వైరింగు బాగుందని మెకానిక్కు తేల్చేశాడు. నేను షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. బెంచీ మీద అప్పన్న నన్నే చూస్తున్నాడు. ఆ చూపు తట్టుకోలేక ఇంకా వేగంగా తిరిగాను.

మీటరు తీసుకునే కరెంటు లేనట్టే లెక్క. తీగ కాస్త అంటుకుని ఉన్నా అది పూర్తి వోల్టులు చూపిస్తుంది. వాల్వుకు అలా కుదరదు, దానికి బలమైన కరెంటు కావాలి. అందుకని మీటరు తీసేసి, ప్లగ్గుకు ఒక బల్బు తగిలించాను. వెలగలేదు.

అక్కడినుంచి వైరు పట్టుకుని కారు కిందికి దూరాను. వెనక చక్రం పక్కన ఒక జాయింటు, దాని లోపల పిన్ను పచ్చగా చిలుం పట్టి ఉంది. బండి ఎక్కడ ఆపుతావని అప్పన్నను అడిగాను.

"పడవలకాడే బాబూ, తడి ఇసకలో. సరుకు మోత తగ్గుతాది కదా."

ఉప్పు తడి తగిలినప్పుడల్లా ఆ జాయింటులో కరెంటు సరిగా పారదు, వాల్వు మూసుకోదు, కంప్యూటరు లీకనుకుంటుంది. ఆరాక మళ్లీ పనిచేస్తుంది. లైటు భావనపాడు వెళ్లొచ్చాకే వెలుగుతుందన్న షావుకారు మాట నిజమే. దొంగతనం మాత్రం ఆయన కల్పించుకున్నది.

కొత్త పిన్ను వేసి, తడి దూరకుండా సీలు చేసి, బల్బు షావుకారు చేతికే ఇచ్చాను. ఆయన చేతిలో వెలిగింది. బల్బు తీసి వాల్వు తగిలిస్తే టిక్కుమంది. జరిగింది విడమరిచి చెప్పాను. జగన్నాథం గారు తలూపి, "సర్లే, రేపొద్దున్న సరుకున్నాది, బండి తియ్యరా" అన్నారు. దొంగ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అప్పన్న తాళాలు బానెట్టు మీద పెట్టాడు. "బండి బాగైనాది. దొంగని కానని తేలినాది. ఇంక మీ బండి నాను తోలను షావుకారూ" అని నడుచుకుంటూ గేటు దాటిపోయాడు.

మర్నాడు అడ్వైజర్లందరినీ పిలిచి నియమం పెట్టాను. ఈ కోడ్ వస్తే, వాల్వు వైరుకు బల్బు పెట్టి చూడనిదే మూత అన్న మాట కస్టమరు చెవిన వేయకూడదు. కోడ్ చెప్పేది కంప్యూటరుకు ఏం కనిపించిందో మాత్రమే, ఎవరు ఏం చేశారో అది చెప్పదు. నేను రిటైరయ్యేదాకా ఆ నియమం నడిచింది. అప్పన్న ఆ దుకాణం గడప మళ్లీ తొక్కలేదు.