బొమ్మల టీచరు ఎడమచెయ్యి

"ఈ నెలలో మీ క్లాసులో ఒక్క పిల్లాడైనా ఒక్క బొమ్మయినా పూర్తి చేశాడా?"

హెడ్మాస్టరు ఈ మాట బొమ్మల టీచరుని అడిగింది స్టాఫ్‌రూములో, లెక్కల టీచరు టీ తాగుతూ వింటుండగా. మూడో తరగతి పిల్లలు ఆ నెలలో మొదలుపెట్టిన కాగితపు చేప సగం పొలుసులతో ఆగిపోయింది. తలుపులు తెరుచుకునే అట్ట ఇల్లు తలుపుల దగ్గరే ఆగింది. "మిగతాది ఇంటి దగ్గర చేసుకురండి" అని పంపితే మర్నాటికి చేపలన్నీ తళతళలాడుతూ తిరిగొచ్చాయి. వాటిని ఎవరు చేశారో చూడగానే తెలిసిపోతుంది. ఒకమ్మ గేటు దగ్గర నిలబెట్టి మరీ అడిగింది: "మా పాపకి హోంవర్కు ఇస్తే ఇచ్చారు టీచర్, నాకెందుకిచ్చారు? రాత్రి వంట మానేసి పొలుసులు అంటించాను."

హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. మూడో తరగతికి లెక్కల్లో మార్కులు పడిపోయాయి, లెక్కల టీచరు ఇంకో పిరియడ్ కావాలని అడుగుతోంది, ఆ పిరియడ్ ఎక్కణ్ణుంచో ఒకచోటి నుంచి రావాలి. అందుకని ఒక మాట అన్నాడు. "సోమవారం నేనే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను. గంట కొట్టేసరికి సగంమందివైనా పూర్తయితే మీ పిరియడ్ మీది. లేకపోతే మూడో తరగతికి బొమ్మలు ఉండవు."

ఆమెది పిరియడ్ల లెక్కన జీతం. మూడో తరగతి పోతే ఆ స్కూల్లో ఆమెకి మిగిలేది దాదాపు ఏమీ లేదు.

బొమ్మలు వేస్తే పసిమనసు వికసిస్తుందని, ప్రతి పిల్లాడిలోనూ ఓ కళాకారుడు దాక్కుని ఉంటాడని సభల్లో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళలో ఎవరినైనా నలభైమంది ఎనిమిదేళ్ళవాళ్ళ మధ్య ఓ నీలంరంగు సీసాతో వదిలిపెట్టి తలుపు వేస్తే, పావుగంటలో ఆ ఉపన్యాసం మానేస్తారు. బొమ్మల టీచరు నోట ఇలాంటి మాటలు ఎన్నడూ వినపడలేదు. ఆమె మాట్లాడేది జిగురు గురించి. జిగురు ఎంతసేపటికి ఆరుతుంది, ఆరేలోపు పిల్లలు ఏం చేస్తూ ఉండాలి, చేతులు కడుక్కోవడానికి వరండా చివర ఉన్న ఒక్క కుళాయి దగ్గర ఎంత పొడుగు వరస తయారవుతుంది. ఆ వరసకు విరుగుడుగా ప్రతి బెంచీ మీదా ఓ తడిగుడ్డ పెట్టడం ఆమె కనిపెట్టిందే. రంగును సీసా మూతల్లో పోసి ఇస్తుంది, ఒలికినా మూతెడే ఒలుకుతుంది. పేరు ముందే రాయిస్తుంది, కాగితం వెనక, మొదటి నిమిషంలో. ఆఖర్లో రాయిస్తే తడిరంగు మీద రాస్తారు, ఆనక ఏడుస్తారు. కష్టమైన పని ముందు, రంగులు చివర. రంగులు ముందిస్తే ఇక కత్తెర ముట్టుకునేవాడెవడు?

ఇదంతా ఆమెకు పుట్టుకతో రాలేదు. చేరిన కొత్తలో బోర్డు మీద అందమైన పిల్లిని గీసి "ఇలా వెయ్యండి" అంది. క్లాసంతా ఆ పిల్లినే వేశారు. వెయ్యలేనివాళ్ళు కాగితం నలిపేశారు. ఆ రోజు నుంచి ఆమె నమూనా చూపించడం మానేసింది. కానీ నమూనా లేకుండా, ఆ పని పిల్లల చేతికి లొంగుతుందో లేదో ముందే తెలుసుకోవడం ఎలా? ఆమె కుడిచెయ్యి ఏది చెప్పినా చేసేస్తుంది, దాన్ని అడిగి లాభం లేదు.

జవాబు ఓ చిన్న దెబ్బతో దొరికింది. అట్టలు కోసే బ్లేడుతో కుడి బొటనవేలు తెగింది. కట్టు ఉన్నన్నాళ్ళు ఎడమచేత్తో కాగితాలు కోసింది. కోసినదాన్ని చూసి ఆశ్చర్యపోయింది. ఆ వంకర, ఆ మూల దగ్గర తడబాటు, మలుపులో కాగితాన్ని తిప్పకుండా చేతినే తిప్పడం, అన్నీ అచ్చం మూడో తరగతే. వేలు మానింది గానీ ఆ పద్ధతి మానలేదు. అప్పట్నించి ఏ బొమ్మ తలపెట్టినా ముందు ఇంట్లో భోజనాల బల్ల మీద, ఎదురుగా గడియారం పెట్టుకుని, ఎడమచేత్తో చేసి చూసేది. ఎడమచెయ్యికి రానిదాన్ని కత్తిరించేసేది. పెద్ద పెద్ద చదువులు చదివి పిల్లల పాఠాలు రాసేవాళ్ళలో ఇంతమాత్రం చేసేవాళ్ళని నేను చూడలేదు. తొమ్మిదేళ్ళు ఆ పద్ధతి ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు.

ఇప్పుడు చేసింది. ఎందుకో ఆమెకు తెలియలేదు. అందరిలాగే ఆమె కూడా పిల్లల్నే అనుమానించింది.

"ఈ కాలం పిల్లల వేళ్ళలో బలం లేదండీ. ఫోను మీద రుద్దడం తప్ప ఏమొచ్చు వాళ్ళకి?" అంది భర్తతో, శుక్రవారం సాయంత్రం.

భర్త ఓ లారీల కంపెనీలో పద్దులు రాస్తాడు. "మా నాన్న నన్నూ అదే అనేవాడు. అప్పుడు ఫోన్లు లేవు, రేడియోని తిట్టేవాడు" అన్నాడు. "అది సరేగానీ, ఈ ఫొటోలు కాస్త కోసిపెడుదూ, రేపు ఆఫీసులో ఇవ్వాలి."

పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒకే షీటు మీద ఎనిమిది. సరిగ్గా అప్పుడే ఆమె అక్క ఫోను చేసింది. కుడిచేత్తో ఫోను చెవికి ఆనించుకుని, అక్క కోడలి మీద చెప్పే ఫిర్యాదులకి "ఊఁ, ఊఁ" కొడుతూ, షీటును మోచేత్తో బల్లకి అదిమిపెట్టి, ఫొటోలు కోసి ఆయన ముందు పడేసింది. ఆయన ఒక్కోటీ తీసి చూశాడు. ఫోను పెట్టేసేదాకా ఆగాడు.

"ఏ చేత్తో కోశావ్?"

"ఏ చెయ్యేంటి? ఇదిగో, ఇది." కత్తెర ఇంకా ఎడమచేతిలోనే ఉంది.

"స్టూడియోవాడు కూడా ఇంత నేరుగా కొయ్యడు. నా కుడిచెయ్యి నీ ఎడమచెయ్యి కాళ్ళకి దణ్ణం పెట్టాలి."

ఆమె నవ్వలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, పెన్ను తీసుకుని, పాత బిల్లు వెనక ఎడమచేత్తో తన పేరు రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒకే వరసలో.

మూడో తరగతికి ఏటా ఎనిమిదేళ్ళే. ఆమె ఎడమచెయ్యికి మాత్రం ఏటా ఓ ఏడు పెరిగింది. తొమ్మిదేళ్ళపాటు వారం వారం కోసి, మడిచి, అంటించి, ఆ చెయ్యి పని నేర్చేసుకుంది. అది "తేలికే" అన్నప్పుడల్లా ఆమె నమ్మింది. చేప పొలుసులూ ఇంటి తలుపులూ దానికి తేలికే మరి. తన పనిని ఎంత శ్రద్ధగా చేసిందో, ఆ శ్రద్ధే ఆమెను అంత చక్కగా ముంచింది. అజాగ్రత్త మనిషికి ఈ తప్పు చెయ్యడం చేతకాదు.

"ఏవండీ, మీ చెయ్యి కావాలి" అంది.

"పెళ్ళిలో ఇచ్చేశానుగా."

"హాస్యాలు తర్వాత. ఎడమది ఇవ్వండి."

సోమవారానికి ఆమె అనుకున్న బొమ్మ రెక్క ఆడించే పిట్ట. కత్తెరతో పిట్టను కోసి, రెక్కను విడిగా కోసి, రెంటికీ చిల్లు పెట్టి పిన్ను గుచ్చాలి. ఆయన కూర్చున్నాడు. చెప్పినవన్నీ ఎడమచేత్తో చేశాడు, లేదా చెయ్యబోయాడు. పిట్ట మెడ తెగి కింద పడింది. జిగురు మోచేతిదాకా పాకింది. పిన్ను కాగితంలోకి పోకుండా వేల్లోకి పోయింది. కాగితం తిరగేసి రెక్క అంటించమంటే అటుదిటు అంటించి, "ఇది వెనక్కి ఎగురుతుంది, కొత్త జాతి" అన్నాడు.

ఆమె కసురుకోలేదు. పక్కన కూర్చుని ఆయన ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ తలెత్తి "తర్వాతేంటి?" అంటున్నాడో, అదొక్కటే చూసింది. కోతలో కన్నా తిరగెయ్యడంలో ఎక్కువ తికమక పడుతున్నాడు. పిన్ను దగ్గర పూర్తిగా ఓడిపోతున్నాడు. ఆమె పిన్ను తీసేసింది. తిరగెయ్యడం తీసేసింది. శనివారం పొద్దున్న కత్తెర కూడా తీసేసింది.

"ఏం లేకుండా ఎలా చెయ్యను?"

"చింపండి."

"ఏంటీ?"

"కాగితం చేత్తో చింపండి. పిట్టకి నున్నటి అంచు ఉండాలని ఎవరన్నారు? ఈకలు చిరుగుల్లాగే ఉంటాయి."

చింపిన ముక్కలతో ఒళ్ళు, చింపిన ముక్కతో రెక్క, ఆ రెక్కకి ఒక్క అంచుకే జిగురు. ఊదితే లేస్తుంది. ఆదివారం సాయంత్రానికి ఆయన మూడు పిట్టలు చేశాడు. మూడోది టైములో అయింది.

"పాసయ్యానా టీచర్?"

"చేతిరాత బాలేదు. అయినా పై క్లాసుకి పంపిస్తున్నాను."

సోమవారం పొద్దున్న స్టాఫ్‌రూములో రెండో తరగతి టీచరు ఆమె చెవిలో ఓ సలహా ఊదింది. "సగం పిట్టలు ముందే చేసి పెట్టెయ్యండి. పిల్లలు రెక్కలు అంటిస్తారు. ఆయనకేం తెలుస్తుందీ?"

"ఆయనకి తెలీదు. కానీ అప్పుడు ఆయన చూసేది నా పిట్టల్ని కదా. వాటికోసం పిరియడ్ ఎందుకు, మా ఇంటికొచ్చి చూడొచ్చు" అంది బొమ్మల టీచరు.

హెడ్మాస్టరు వెనక బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నాడు. పిల్లలకి కాగితాలు పంచి, "చింపండి" అనగానే ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. కాగితం చింపితే తిట్టే స్కూల్లో చింపమంటున్నారు. తర్వాత గది నిండా చర్రు చర్రుమని ఒకటే చప్పుడు. ఎవరూ తలెత్తలేదు. "తర్వాతేంటి టీచర్?" అని అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆమె బెంచీల మధ్య తిరుగుతోంది, చేతులు వెనక కట్టుకుని, ఎక్కడ ఆగుతున్నారో చూస్తూ.

గంట కొట్టారు. హెడ్మాస్టరు లేచి ఒక్కో బెంచీ దగ్గరికీ వెళ్ళాడు. పిట్టల మీద ఊదాడు. కిటికీ పక్క పాప ముందు ఆగాడు.

"దీనికి తల లేదే. ఇది పూర్తవలేదు."

"ఉంది సార్. రెక్క కింద పెట్టుకుని పడుకుంది."

హెడ్మాస్టరు రెక్క ఎత్తి చూశాడు. ఉంది. తల కన్నా కన్ను పెద్దది, కానీ ఉంది. ఆయన సగం కావాలన్నాడు. పూర్తికాక మిగిలిపోయినవి ఒక బెంచీ మీద పట్టేన్ని కూడా లేవు.

"పిరియడ్ ఉంచుతున్నాను టీచర్" అన్నాడు. తర్వాత కిందికి చూశాడు. "మరి ఇదంతా ఎవరు ఊడుస్తారు?"

నేల కనపడటం లేదు. కాగితం తునకలు చీలమండలదాకా ఉన్నాయి. ఇంట్లో భర్త చింపినవి ఒక్క గుప్పెడు, ఆవిడే చీపురుతో ఓ మూలకి నెట్టేసింది. నలభైమంది గుప్పెళ్ళు కలిస్తే ఏమవుతుందో లెక్క వెయ్యలేదు. లెక్కల టీచరు పుస్తకాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటే, హెడ్మాస్టరుతో సహా అందరూ వంగి ఏరారు. ఆ మర్నాటి నుంచి ఆమె ప్రతి బెంచీకీ ఓ అట్టపెట్టె పెట్టించింది.

ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది, చెయ్యి మాత్రం మారింది. భర్త ఎడమచెయ్యికి ఏడాదిలోనే పని అలవాటైపోయి, "ఇది తేలికే" అనడం మొదలుపెట్టింది. ఆ మాట వినగానే ఆయన్ని తీసేసింది. ఇప్పుడు తోడికోడలి వంతు. ఆవిడ సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి వాళ్ళని పిలిచే మనిషి, కనీసం మూడేళ్ళు పనికొస్తుందని బొమ్మల టీచరు ధీమా. పోయిన నెల తోడికోడలు చేసిన గుడిసె బొమ్మ చూశాను. గోడలు నాలుగూ నాలుగు ఎత్తులు. దాన్ని చూసే, మూడో తరగతికి గోడలు వద్దు, పైకప్పు ఒక్కటే చాలని ఆమె తీర్మానించింది. పిల్లలు కప్పు కింద ఇటుకలు, కిటికీలు, సైకిళ్ళు, ఒకచోట ఒక ఒంటె, ఎవరికి తోచింది వాళ్ళు పెట్టారు. గంటకి ముందే అయిపోయింది.

చింపే బొమ్మలకి కాగితం మూడింతలు పడుతుంది. ఆ ఖర్చు స్కూలే పెట్టుకుంటుందని హెడ్మాస్టరు ఏరుతూ ఏరుతూ అన్నాడు. పిట్టల కాగితాలు ఆమె తన డబ్బుతోనే కొని, బిల్లు ఆఫీసులో ఇచ్చింది. మూడు వందల ఎనభై. ఇంకా రాలేదు.